నా కెట్లు తెలిసినది?

(ఒక పఠనమందిరమున గావింపబడిన యుపన్యాసము)

 

ప్రశ్నించు స్వభావమును గూర్చి నాలుగు మాటలు చెప్పవలసినదని ఈ పఠనమందిర కార్యనిర్వాహకులు మమ్ము కోరిరి. ప్రశ్నలు వేసి జీవించువాడు గనుక న్యాయవాదియే ఇందులకు తగినవాడని వారు తలంచియుందురు. కాని యొక సంగతి మొదటనే మనవి చేయవలసియున్నది. న్యాయస్థానమున మేము అడ్డుప్రశ్నలు వేయునది ఎదుటిపక్షపు సాక్షిని. మా కక్షిదారుని గాని, అంతకంటె మమ్మును గాని అట్లు నిలువదీయుట మా వృత్తిలో నేర్పబడు విద్య కాదు. లోకమునందును ఇదే రీతి. ప్రభుత్వమును ప్రశ్నించువారు కలరు. పొరుగువానిని ప్రశ్నించువారు కలరు. పూర్వులను, దైవమును సైతము ప్రశ్నించువారు కలరు. తమ్ము తాము ప్రశ్నించుకొనువారు మాత్రము వెదకినను కానరారు. ఈ కొరతను గూర్చియే నేటి మా ప్రసంగము.

మూడేండ్ల బిడ్డ యున్న యింటికి ఎన్నడైన పోయి చూడుడు. చందమామ మనతో కూడ ఏల నడచుచున్నాడు? చీమలు వరుస తప్పక ఎక్కడికి పోవుచున్నవి? తాతగారి జుట్టు ఏల తెల్లనైనది? ఉదయము మొదలు రాత్రివరకు ఈ ధార ఆగదు. మొదటి ప్రశ్నకు మనము మురిసి ముద్దుపెట్టుకొందుము. రెండవదానికి ఏదో యొక జవాబు చెప్పుదుము. మూడవదానికి ‘ఇక చాలు, పోయి ఆడుకొనుము’ అందుము. బిడ్డ బడికి పోవును. అచ్చట ఉపాధ్యాయుని రెండుమారు లడిగినచో ‘అధికప్రసంగి’ యను బిరుదు లభించును. ఇంట తిరిగి అడిగినచో ‘పెద్దల కెదురు చెప్పుచున్నాడు’ అన్న నింద కలుగును. పదునేనేండ్లు నిండునప్పటికి ఆ బాలుడు అడుగుట మానును. అప్పుడు మనము సంతోషించి, వాడు బుద్ధిమంతుడైనాడని నలుగురితో చెప్పుకొందుము!

ఇట్లు పెరిగిన బుద్ధిమంతులమే మనమందరము. ప్రశ్నించు శక్తి మనలో చావలేదు. అది యొక్క దారి మాత్రమే ఎరిగి, బయటికే ప్రవహించుచున్నది. కావున ప్రశ్నలయందు రెండు తెగలు కలవని గుర్తింతము. ‘ఇది యేమి? ఇట్లేల యున్నది?’ యని లోకము నడుగునది యొకటి. దానికి జిజ్ఞాస యని పేరు. ‘ఇది యిట్లున్నదని నా కెట్లు తెలిసినది?’ యని తన్ను తా నడుగుకొనునది రెండవది. దానికి ఆత్మపరీక్ష యని పేరు. జిజ్ఞాస లేనిచో మనస్సునకు మేత లేదు. ఆత్మపరీక్ష లేనిచో మనస్సునకు కళ్లెము లేదు. ఈ రెండింటిని జోడించి నిత్యజీవనమున వాడుకొనుట యెట్లన్నదే మన విచారణ.

ఇది పడమటి దేశములనుండి తెచ్చుకొనవలసిన సరకని కొందరు తలంతురు. ఆ తలంపు సరికాదు. మన యుపనిషత్తులలో నొకదానికి ప్రశ్నోపనిషత్తు అనియే పేరు. ఆరుగురు జిజ్ఞాసువులు సమిధలు చేతబట్టి పిప్పలాదమహర్షిని ఆశ్రయించిరి. ఆయన వెంటనే ఉపన్యాసమునకు దిగలేదు. మరియొక సంవత్సరము తపోనియమములతో తనకడ నివసించి, పిమ్మట మనసు వచ్చిన ప్రశ్నలను అడుగుడనెను. తమకు తెలిసినయెడల సమస్తము చెప్పుదు మనెను. ‘తెలిసినయెడల’ అన్న యీ యొక్క మాటను గమనింపుడు. శిష్యులు పరబ్రహ్మమును వెదకుచు వచ్చినవారు, గురువు మహర్షి, అయినను తెలియకుండుటకు గల యవకాశమును ఆయన మొదటనే తెరచియుంచెను.

అంతకంటె రమ్యమైనది ఆరవ ప్రశ్న నడిగిన సుకేశుని వృత్తాంతము. కోసలదేశపు రాజకుమారుడగు హిరణ్యనాభుడు ఒకనాడు అతనిని సమీపించి, పదునారు కళలుగల పురుషుని ఎరుగుదువా యని యడిగెను. సుకేశుడు ఎరుగనని బదులు చెప్పెను. ఎరిగియుండిన చెప్పకుందునా, అసత్యమాడువాడు వేరుతోకూడ ఎండిపోవును గదా, అని విన్నవించెను. రాజకుమారుడు మారు పలుకక రథమెక్కి వెడలిపోయెను. సుకేశుడు ఆ ప్రశ్నను మాత్రము విడువలేదు. దానినే మోసికొనివచ్చి మహర్షిముందు పెట్టెను. రాజకుమారునియెదుట ఎరుగనని పలుకుట ఆత్మపరీక్ష. ఆ ఎరుగమితో తృప్తిపడక దారి వెదకుకొనుట జిజ్ఞాస. రెండును ఒక్క మానవునియందు చేరిన చిత్రము మన కండ్లముందున్నది. నేటి మన సభలలో, విందులలో, రైలుపెట్టెలలో ‘ఎరుగను’ అను మాట ఎన్నిమారులు వినబడుచున్నదో తాము లెక్కింపుడు!

ఋషుల యాశ్రమమునుండి మా న్యాయస్థానమునకు దిగివచ్చుట కొంచెము సాహసమే. కాని అచ్చటను ఈ విద్య యొకటి దాగియున్నది. జేమ్స్ ఫిట్జ్‌జేమ్స్ స్టీఫెన్ రచించిన 1872 నాటి సాక్ష్యచట్టము నూటయేబదియేండ్లకు పైగా ఈ దేశమున నడచినది. 2024 జూలై 1 నుండి దాని స్థానమున భారతీయ సాక్ష్య అధినియమము వచ్చినది. పేరు మారెను, సంఖ్యలు మారెను. ఒక పాతసంగతి మాత్రము చెక్కుచెదరక నిలిచినది. ఏ విషయమైనను న్యాయాధిపతియెదుట మూడు స్థితులలో నొకదానియందుండును: రుజువైనది, కాదని రుజువైనది, రుజువు కానిది. ఈ మూడవది మిగిలిన రెండింటికంటె భిన్నమని చట్టము ప్రత్యేకముగా చెప్పుచున్నది.

మన యిండ్లలో, అంగళ్లలో ఈ మూడవ గది లేదు. విన్నమాటను నిజమనియైన అందుము, అబద్ధమనియైన అందుము. ‘ఇది యింకను తేలలేదు’ అని పక్కకు పెట్టుటకు మనకు చోటులేదు. పైగా చోటు లేకుండ చేయు సామెతలు మనకు కలవు. ‘నిప్పు లేనిదే పొగ రాదు’ అని యొకడనగానే పదిమంది తలయూపుదురు. పొగ వచ్చుచున్నదని మొదట చెప్పినదెవరో, పొగను కన్నులతో చూచినదెవరో, అది పొగయో మంచో, ఎవ్వరును అడుగరు. ‘నిజము నిలకడమీద తెలియును’ అన్న సామెత కూడ మనదే. అది మూడవ గదికి తాళపుచెవి వంటిది. కాని దానిని మనము మనమీద నింద పడినప్పుడు మాత్రమే వాడుకొందుము. పరులమీద పడినప్పుడు మొదటి సామెతయే మనకు హితవు!

విన్నమాట సాక్ష్యము కాజాలదని సామాన్యముగా మా చట్టము విధించుచున్నది. చూచిన సంగతియైనచో చూచినవాడే వచ్చి చెప్పవలెను. విన్న సంగతియైనచో విన్నవాడే చెప్పవలెను. అభిప్రాయమైనచో ఆ యభిప్రాయము కలవాడే దాని కాధారములతో చెప్పవలెను. సాక్షి బోనులో నిలిచి ధారాళముగా చెప్పుకొనిపోవు పెద్దమనిషిని ‘అయ్యా, తమరు చూచితిరా?’ అని అడిగిన క్షణమున ఏమి జరుగునో న్యాయవాదు లందరు ఎరుగుదురు. ‘నేను చూడలేదండి, ఊరంతా అనుకున్నారండి’ యని జవాబు వచ్చును. ఆ సాక్షి అబద్ధికుడు కాడు. ఊరి మాటను తన కంటి చూపుగా ఎన్నడు మార్చుకొనెనో అతనికే తెలియదు. ఆ మార్పు మన యందరిలోను దినదినము జరుగుచున్నది. భేదమొక్కటే: మనలను బోను నెక్కించి అడుగువారు లేరు.

తన వ్యాజ్యమునకు తానే తీర్పరి కారాదని న్యాయశాస్త్రపు మూలసూత్రము. కాని మనస్సను న్యాయస్థానమున వాదియు మనమే, సాక్షియు మనమే, ప్లీడరును మనమే, న్యాయాధిపతియు మనమే! గట్టు తగాదాతో మా వంటివారి గుమ్మమెక్కు అన్నదమ్ములను చూడుడు. తమ్ముడు గట్టు జరిపెనని అన్నయు, అన్నయే జరిపెనని తమ్ముడును ప్రమాణము చేయుదురు. ఇరువురును నమ్మియే చెప్పుదురు. కొలతగొలుసు తెచ్చి హద్దురాయినుండి కొలిపింతమని మొదటి దినముననే ఒక్కరికి తోచినచో ఆ దావా పుట్టదు. రెండు కుటుంబముల రాకపోకలు నిలువవు. పొలము విలువకు మించిన సొమ్ము ఖర్చుకాదు. ఏల తోచదు? కొలిచినచో తమ మాట తప్పగునేమోయన్న భయము లోపల నెక్కడనో యుండును గనుక. మంచి న్యాయవాది తన వాదము సిద్ధపరచుకొనుటకు ముందు ఎదుటిపక్షపు వాదమును సిద్ధపరచి చూచుకొనును. లోపలి న్యాయస్థానమునకును అట్టి ప్రతిపక్ష న్యాయవాదిని ఒకనిని నియమించుకొనవలెనని మా మనవి. అతనికి ఫీజు లేదు. అతని ప్రశ్నయు ఒక్కటియే: ‘నీ కెట్లు తెలిసినది?’

ఈ ప్రతిపక్ష న్యాయవాది మాట వినుటచే లోకమునకెంత మేలు కలిగినదో తెలుపు నిదర్శనము మన తెలుగునాటనే కలదు. చలిజ్వరమునకు మలేరియా యని పేరు. అది ఇటలీ భాషలో ‘చెడుగాలి’ యను మాటలనుండి పుట్టినది. బురదనేలలకడ నివసించువారికి ఈ జ్వరము వచ్చుచున్నదని శతాబ్దములుగా జనులు చూచిరి. చూపు సరియైనదే, కారణము మాత్రము ఊహించిరి. బురదనుండి లేచు గాలియే విషమని నిశ్చయించుకొని అంతటితో నిలిచిరి. 1880 లో లావెరాన్ అను ఫ్రెంచి వైద్యుడు అల్జీరియాలో రోగి రక్తమునందు సూక్ష్మజీవిని కనుగొనెను. అయినను పెక్కుమంది నమ్మలేదు. నమ్మనివారిలో రొనాల్డ్ రాస్ అను సైనికవైద్యుడు ఒకడు. ఆ జ్వరమునకు మూలము ప్రేగులలోని విషమని తలచి, సూక్ష్మజీవి మాటను సందేహించి వ్రాసినవాడు. 1894 లో లండనునందు పాట్రిక్ మాన్‌సన్ సూక్ష్మదర్శినిలో ఆ జీవిని చూపగానే రాస్ తన పూర్వాభిప్రాయమును విడిచెను.

పిమ్మట ఆయన సికింద్రాబాదునకు వచ్చెను. దోమ ఈ రోగమునకు ఆధారమేమోయను ఊహ మాన్‌సనుది. ఆ దోమ నీటిలో చచ్చి, ఆ నీరు త్రాగినవారికి రోగము వచ్చునేమోయని ఆ గురువు భావించెను. శిష్యుడు గురువు మాటను గౌరవించెను, గౌరవించియే పరీక్షించెను. అట్టి నీటిని, అంగీకరించినవారికి త్రాగించి చూచినను ఊహ నిలువలేదు. రమారమి రెండేండ్లు సామాన్యమైన దోమలను వెదకి కోసి చూచినను ఏమియు కానరాలేదు. ఇచ్చట రెండు దారులుండెను: దోమ మాటయే అబద్ధమని వదలుట యొకటి, నేను చూచుచున్న దోమ సరియైన దోమయేనా యని తన్ను తా నడుగుకొనుట రెండవది. రాస్ రెండవదారి పట్టెను. 1897 ఆగష్టులో రెక్కలపై మచ్చలుగల మరియొక జాతి దోమలు దొరకినవి. హుసేన్‌ఖాన్ అను రోగి దోమకాటు కొక అణాచొప్పున తీసికొని వానిచే కరపించుకొనెను. ఆగష్టు 20 వ తేదీన అట్టి దోమ కడుపు గోడలో మలేరియా జీవికి గుర్తగు నల్లని రేణువులు కానవచ్చినవి. మరుసటి యేడు కలకత్తాలో పక్షులపై పరీక్షలు జరిపి, రోగము పోవు దారి దోమయొక్క లాలాజలమని ఆయన తేల్చెను. 1902 లో నోబెలు బహుమానము లభించినది. బేగంపేటలో ఆ పరిశోధన జరిగిన కట్టడము నేటికిని కలదు. ఆ దారిని పోవువారు ఒకమారు ఆగి, చెడుగాలి యను రెండు మాటలు ఎన్ని శతాబ్దముల ప్రశ్నను నిద్రపుచ్చినవో తలంచుకొనవలెను.

రాస్ పని వైద్యులకు, శాస్త్రజ్ఞులకు చెందినది గాని గుమాస్తాకు, వర్తకునకు, గృహిణికి ఈ విద్యతో నేమి పనియని యడుగవచ్చును. పని యెంతయో 2018 సంవత్సరము చూపినది. పిల్లలను ఎత్తుకొనిపోవు దొంగలు తిరుగుచున్నారని ఆ యేడు ఫోనులలో వాట్సాపు ద్వారా ఒక పుకారు దేశమంతట వ్యాపించినది. దానికి సాక్ష్యముగా ఒక చిత్రము చేతులు మారినది: మోటారుసైకిలుపై వచ్చిన యిరువురు వీధిలో ఆడుకొనుచున్న బిడ్డను ఎత్తుకొని పోవుచున్నారు. అది మన దేశపు చిత్రము కాదు. పిల్లల భద్రతను గూర్చి తల్లిదండ్రులను హెచ్చరించుటకై పాకిస్తానములోని కరాచీ నగరమున నటులతో తీయబడినది. అసలు చిత్రమున ఆ యిరువురు వెంటనే మరలివచ్చి బిడ్డను దింపి, హెచ్చరికపలకను చూపుదురు. ఆ తుదిభాగమును ఎవరో కత్తిరించిరి. కత్తిరించినది కొన్ని క్షణముల చిత్రమే. కాని ఆ కొన్ని క్షణములు లేకపోవుటచే మనుష్యులు చచ్చిరి.

2018 జూలై 1 వ తేదీన మహారాష్ట్రలోని ధూళే జిల్లా రాయిన్‌పాడాలో సంచారజాతికి చెందిన యైదుగురు భిక్షుకులను పిల్లలదొంగలని జనులు కొట్టి చంపిరి. రెండు వారములు గడువకముందే బీదరు జిల్లా ముర్కీ గ్రామమున హైదరాబాదునుండి పోయిన యొక యువకుడు ఇట్లే హతుడయ్యెను. అతడును అతని మిత్రులును చేసిన యపరాధమేమి? దారిలో పిల్లలకు చాకొలెట్లు పంచుట! ఆ గుంపులోనివారు వృత్తిచే హంతకులు కారు. తమ పిల్లలయందు ప్రేమగల తండ్రులు, అన్నలు. ప్రతివానికిని తాను మంచిపని చేయుచున్నానన్న నమ్మకమే. ఆ నమ్మకమునకును ఆ చావునకును నడుమ నిలువవలసిన ప్రశ్న యొక్కటియే: ‘వీరు దొంగలని నాకెట్లు తెలిసినది?’ ఆ ప్రశ్న యచ్చట పుట్టలేదు. పుట్టియుండిన ఎదుటనున్నవానిని కూర్చుండబెట్టి పేరడిగియుందురు, ఊరడిగియుందురు, పోలీసువారు వచ్చువరకు ఆగియుందురు.

అదే యేడు అదే పుకారు మన జోగులాంబ గద్వాల జిల్లాకును వచ్చినది. అప్పటి పోలీసు సూపరింటెండెంటు రెమా రాజేశ్వరి గ్రామమున కొక పోలీసు ఉద్యోగిని నియోగించి, జనులను కూర్చుండబెట్టి, పాటలతో, చాటింపులతో ఫోనులో వచ్చిన ప్రతి చిత్రమును నమ్మరాదని చెప్పించెను. ఆ గ్రామములలో ఈ పుకారునకు ఒక్క ప్రాణమును బలికాలేదని నాటి పత్రికలు ప్రకటించినవి. అచ్చట జనులు వేరు రక్తము కలవారు కారు. ‘ఎవరు పంపిరి? వారి కెట్లు తెలిసినది?’ యని అడుగుట వారికి ఒకరు నేర్పిరి, వారు నేర్చుకొనిరి. 2018 జూలైలో వాట్సాపు సంస్థయు ఈ దేశమున ఒక వార్తను ఒక్కమారు ఐదుగురికి మించి పంపరాదని హద్దు పెట్టినది. యంత్రమునకు హద్దు పెట్టుట మంచిదే. కాని ఆరవవానికి పంపకుండ ఆపునది యంత్రము. మొదటివానికే పంపకుండ ఆపునది మన ప్రశ్న.

ఇట్లు చెప్పగానే కొన్ని యాక్షేపణలు వచ్చును. సంశయాత్ముడు నశించునని భగవద్గీతయందే యున్నది గదా, ప్రశ్నించుట శ్రద్ధకు విరోధము కాదా యని యొకరందురు. నిజమే, ఆ మాట నాలుగవ యధ్యాయమున కలదు. అదే యధ్యాయమున అంతకు కొంచెము ముందు, తత్త్వమెరిగినవారికి నమస్కరించి, సేవించి, చక్కగా ప్రశ్నించి జ్ఞానము పొందవలెననియు కలదు. ఇంతయు బోధించి తుదకు పదునెనిమిదవ యధ్యాయమున, దీనినంతయు పూర్ణముగా విమర్శించి నీ కెట్లు తోచిన నట్లు చేయుమని భగవానుడు అర్జునునకు స్వేచ్ఛ యొసగెను. సంశయము వేరు, ప్రశ్న వేరు. సంశయాత్ముడు జవాబు కోరడు. నాలుగుదారుల కూడలిలో కూర్చుండి ఏ దారియు పట్టడు. ప్రశ్నించువాడు దారి కోరియే అడుగును, దొరకగానే నడచును.

ప్రతిదానిని ప్రశ్నించుచు కూర్చున్నచో బ్రదుకు సాగునా యని మరియొకరందురు. సాగదు. వంతెన యెక్కునప్పుడు ఇంజనీరు లెక్కలను తిరిగి వేయము. మందు పుచ్చుకొనునప్పుడు రసాయనశాస్త్రము చదువము. ఎరిగినవారిని నమ్ముటయు వివేకములోనిదే. మూడు సమయములందు మాత్రము ఆగి ప్రశ్నించుకొనవలెనని మా యభిప్రాయము. విన్నమాట మన కోపమునకో, మన సంతోషమునకో మిక్కిలి రుచిగా నున్నప్పుడు మొదటిది. దానిని నమ్మి మనము చేయు పనివలన ఇతరునికి హాని కలుగునప్పుడు రెండవది. ఒక సంగతి నిశ్చయమని తోచుచు, దానిని తుదిసారి ఎప్పుడు సరిచూచితిమో జ్ఞాపకము లేనప్పుడు మూడవది. ఈ మూడింటికి వెచ్చించు కాలము దినమున కొక గడియ కూడ కాదు.

దొంగప్రశ్నలను గూర్చియు ఒక హెచ్చరిక చేయవలసియున్నది. ‘మేమేమియు అనుటలేదు, ఊరక అడుగుచున్నాము’ అని చెప్పుచు ఒకరి శీలముమీద బురద చల్లువారు నేడు పెక్కురు. అది ప్రశ్నవేషము ధరించిన నింద. నింద నిజమని తలచుటకు తగిన యాధారము లేక, సాక్షి శీలమును దెబ్బతీయు ప్రశ్న వేయరాదని సాక్ష్యచట్టము న్యాయవాదులకే కట్టడి చేసినది. కూలికి ప్రశ్నించువారికే ఈ కట్టడి యుండగా, ఊరక ప్రశ్నించువారికి లేకుండుట ధర్మమా? అడుగువాడు జవాబు విని తన మాట మార్చుకొన సిద్ధముగా నున్నాడా లేదా యన్నదే నిజమైన ప్రశ్నకు గీటురాయి.

మాట మార్చుకొనుట అవమానమని మనలో గట్టి భ్రమ కలదు. ‘మొన్న ఒకటంటివి, నేడొకటనుచున్నావే’ యని నిలదీయుట మన సభలలో గొప్ప విజయముగా చెల్లుచున్నది. ఈ యాక్షేపణ గాంధీమహాత్మునకే తగిలినది. ఆయన 1933 ఏప్రిలులో ‘హరిజన’ పత్రికయందు దీనికి సూటిగా జవాబు వ్రాసెను. పూర్వము చెప్పినదానితో పొత్తు కుదుర్చుకొనుట తనకు ముఖ్యము కాదనియు, సత్యాన్వేషణమున తాను పెక్కు తలంపులను విడిచి క్రొత్తవి నేర్చుకొంటిననియు, ఒకే విషయమున తన రెండు వ్రాతలకు భేదము కానవచ్చినచో వెనుకటి వ్రాతను వదలి తరువాతిదానిని గ్రహింపవలసినదనియు పాఠకులకు తెలిపెను. ఎదుగువానికి పాత చొక్కా చాలదు. చాలుచున్నదని పట్టుబట్టువాడు ఎదుగుట మానినవాడే.

ఇక ఈ పఠనమందిరమునకు వత్తము. 1914 లో బెజవాడయందు ఆంధ్రదేశ గ్రంథభాండాగార సంఘము స్థాపింపబడినప్పుడు, 1935 లో కృష్ణా కాలువలమీద పడవలలో పుస్తకములు పంపబడినప్పుడు, ఆ పెద్దలకున్న చింత యొక్కటి: పల్లెవానికి పుస్తకము దొరకదు, వార్త దొరకదు. నేడు వార్త తప్పించుకొనుటకే వీలులేదు. అది దిండుక్రింద మ్రోగుచున్నది. ఆనాటి సేవకులు పుస్తకములను మోసిరి. నేటి సేవకులు మోయవలసినది ప్రశ్నను. ఇచ్చట బల్లపై నాలుగు పత్రికలు పక్కపక్కన నున్నవి. ఒకే సంగతిని నాలుగింటను చదివి, భేదమెచ్చటనో, ఆ భేదమేల వచ్చినదో చూచుట యొక గొప్ప యభ్యాసము. తమకు నచ్చని పత్రికను మొదట చదువుట అంతకంటె గొప్ప యభ్యాసము.

ఇంటియందు చేయవలసినది ఇంకను సులభము. బిడ్డ ప్రశ్న యడిగినప్పుడు, జవాబు తెలియనిచో, కసరకుడు, కల్పించి చెప్పకుడు. ‘నాకును తెలియదు, ఇరువురము చూతము’ అనుడు. ఈ మాటతో ఆ బిడ్డకు రెండు విద్యలు వచ్చును: తెలియదనుట సిగ్గు కాదనునది యొకటి, తెలియనిదానిని వెదకవచ్చుననునది రెండవది. సుకేశుడు నేర్చినవి ఈ రెండే. భార్యాభర్తలమధ్య, అన్నదమ్ములమధ్య మాట పెరిగినప్పుడు ‘నీవు ఇట్లు తలచితివి’ అనుటకు ముందు ‘నీ వేమి తలచితివి?’ యని అడుగుడు. ఎదుటివాని మనస్సునుగూర్చి మనమిచ్చు సాక్ష్యమంతయు విన్నమాటకంటె కూడ హీనమైనది; అది వినని మాట!

తుదకు కార్యనిర్వాహకులకు ఒక చిన్న సూచన చేసి విరమింతుము. ఈ మందిరమున వచ్చిపోవువారి చేవ్రాలునకై ఒక పుస్తకము కలదు. దానిపక్కన మరియొక తెల్లకాగితముల పుస్తకము నుంచుడు. దానికి ‘ఎరుగని సంగతులు’ అని పేరు పెట్టుడు. వచ్చినవారు తాము నిజమని నమ్ముచు, ఎట్లు తెలిసినదో చెప్పలేని యొక్క సంగతిని అందు వ్రాయవలెను. ఊరి చెరువు నీరు మంచిదా కాదా? పురపాలకసంఘము వసూలుచేయు పన్ను దేనికి ఖర్చగుచున్నది? ఫలాని వీధివారు చెడ్డవారని మనము చిన్ననాటినుండి వినుచున్నాము, ఎవరు చూచిరి? ఇట్టివి వ్రాయుడు. ప్రతి యాదివారము అందొక ప్రశ్నను తీసికొని, ఇరువురు యువకులు పోయి విచారించి, చూచినదానిని చూచినట్లు, విన్నదానిని విన్నట్లు ఇచ్చట చదువవలెను. తేలనిదానిని తేలలేదని వ్రాసి మూడవ గదిలో నుంచవలెను. నీటి విషయమున పరీక్ష చేయింపవచ్చును. పన్ను విషయమున 2005 నాటి సమాచారహక్కు చట్టము క్రింద అర్జీ పెట్టవచ్చును. ఆ వీధి విషయమున, ఆ వీధికి పోయి ఒకరి యింట కూర్చుండి మాటలాడవచ్చును.

ఒక సంవత్సరము ఇట్లు నడపి చూడుడు. పిప్పలాదుడు తన శిష్యులకు పెట్టిన గడువును ఒక సంవత్సరమే. ఏడాది తిరిగిన పిమ్మట ఆ పుస్తకములో ఎన్ని సంగతులు రుజువైనవో, ఎన్ని కాదని తేలినవో, ఎన్ని యింకను తేలవలసియున్నవో ఇదే వేదికనుండి చదివి వినిపింపుడు. వినుటకు మేమును వత్తుము.